సెల్ కారి పాడైన మల్టీమీటర్‌ను బాగుచేసుకోవడం ఎలా

నెలల తరబడి టూల్ బాక్సులో పడి ఉన్న మల్టీమీటర్‌ను తీసి నాబ్ తిప్పితే డిస్‌ప్లే రాదు. వెనక మూత తీస్తే సెల్ చివర తెల్లటి పొడి, స్ప్రింగు మీద పచ్చటి చిలుము కనిపిస్తాయి. కొందరు అక్కడే మీటర్‌ను పారేస్తారు. ఇంకొందరు స్ప్రింగును బ్లేడుతో గీకి, కొత్త సెల్స్ వేసి, అంకెలు కనబడగానే పని అయిపోయిందనుకుంటారు. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం. లోపల సెల్ రసం మిగిలిపోయిన మీటర్ డిస్‌ప్లే చక్కగా చూపిస్తూనే తప్పు రీడింగ్ ఇవ్వగలదు. కరెంటు ఉన్న తీగ మీద సున్నా చూపించే మీటర్‌ను నమ్మి చెయ్యి పెట్టేది మనమే. అందుకే ఈ పనిలో సగం శుభ్రం చేయడం, మిగతా సగం మీటర్ నిజం చెబుతోందని రుజువు చేసుకోవడం.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా రెండు రకాల మీటర్లకు పనికొస్తుంది. ఒకటి 9 వోల్టుల చదరపు బ్యాటరీతో నడిచే డీటీ-830 రకం పసుపు మీటర్లు. రెండోది రెండు పెన్సిల్ సెల్స్ లేదా రెండు సన్న సెల్స్ వేసుకునేవి. పాత ముల్లు మీటర్ ఉన్నవాళ్లు ఒక సంగతి గమనించాలి. అందులో వోల్టేజీ, కరెంటు రేంజులకు సెల్ అక్కర్లేదు, ఓమ్స్ రేంజుకే, అంటే నిరోధం కొలవడానికే కావాలి. కాబట్టి మీటర్ బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తూ, లోపల సెల్ ఏళ్ల తరబడి కారుతూ ఉండొచ్చు. చాలా ముల్లు మీటర్లలో పెన్సిల్ సెల్స్‌తో పాటు పెద్ద ఓమ్స్ రేంజు కోసం విడిగా 9 వోల్టుల బ్యాటరీ కూడా ఉంటుంది. రెండు చోట్లా చూడండి.

కారింది ఏ సెల్?

మందు ఎంచుకునే ముందు జబ్బు తెలియాలి. ఆల్కలైన్ సెల్‌లో ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్ అనే ఘాటైన క్షారం. లోపలి జింకు నెమ్మదిగా కరిగిపోతూ హైడ్రోజన్ వాయువు పుట్టిస్తుంది. సెల్ పూర్తిగా దిగిపోయాక ఇది ఇంకా పెరుగుతుంది. ఒత్తిడి ఎక్కువైతే సీలు తెరుచుకుని రసం బయటికి వస్తుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని తెల్లటి పొటాషియం కార్బొనేట్‌గా పేరుకుంటుంది. మామూలు జింక్ కార్బన్ సెల్ సంగతి వేరు. అందులో జింకు డబ్బాయే సెల్‌కు గోడ కూడా. సెల్ వాడుతున్నకొద్దీ ఆ గోడే కరిగి చిల్లు పడుతుంది. కారేది జింక్ క్లోరైడ్, అమ్మోనియం క్లోరైడ్ కలిసిన ఆమ్ల స్వభావం ఉన్న రసం.

సెల్ మీద రాసిన కోడ్ చూస్తే తేలిపోతుంది. ఎల్‌ఆర్6, ఎల్‌ఆర్03, 6ఎల్‌ఆర్61 అని ఉంటే ఆల్కలైన్. ఆర్6, ఆర్03, 6ఎఫ్22 అని ఉంటే జింక్ కార్బన్. రాత చెరిగిపోయినా, సెల్ ఎవరో తీసి పారేసినా పసుపుతో తేల్చుకోవచ్చు. చిటికెడు పసుపును నీళ్లలో కలిపి తెల్ల కాగితానికి రాసి ఆరనివ్వండి. ఇయర్ బడ్‌ను మంచినీళ్లతో తడిపి ఆ పొడి మీద అద్ది, పసుపు కాగితానికి తాకించండి. సున్నం కలిపి పారాణి చేసినప్పుడు వచ్చే ఎరుపు వస్తే అది క్షారం, అంటే ఆల్కలైన్. పసుపు రంగు అలాగే ఉంటే జింక్ కార్బన్ అనుకుని ముందుకెళ్లండి. చేతికి గానీ బడ్‌కి గానీ సబ్బు అంటి ఉంటే అది కూడా ఎరుపు చూపిస్తుంది, చూసుకోండి.

క్షారాన్ని తీయడానికి తెల్ల వెనిగర్ కావాలి. లేకపోతే వడగట్టిన నిమ్మరసం. ఆమ్ల రసానికి గ్లాసు నీళ్లలో ఒక చెంచా వంట సోడా. తారుమారు చేస్తే కొంపలేమీ మునగవు గానీ పొడి సరిగా కరగదు, అడుగున మిగిలిపోతుంది.

మిగతా సామాను: పాత టూత్‌బ్రష్, ఇయర్ బడ్స్, రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు, సన్నటి ఎమరీ పేపర్, పెన్సిల్ రబ్బరు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, లెడ్ (కరిగించి అతికించే సోల్డర్ తీగ), ఫ్లక్స్ (లెడ్ బాగా పట్టడానికి రాసేది), పాత లెడ్ తీసే రాగి అల్లిక, కొంచెం జంపర్ వైరు (తెగిన చోటు కలిపే సన్న తీగ). ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా కూడా తెచ్చుకోండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మొబైల్ రిపేరు సామాను అమ్మే షాపులో ‘ఐపీఏ’ అంటే ఇస్తారు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒకే చోట దొరుకుతాయి. అన్నిటికంటే ముఖ్యంగా బాగా పనిచేసే రెండో మీటర్ ఒకటి ఉండాలి. సొంతం లేకపోతే ఒక పూటకు అడిగి తెచ్చుకోండి. అది లేకుండా చివరి సగం పని జరగదు.

విప్పడం

ముందు ప్రోబ్స్, అంటే మొనలున్న తీగలు రెండూ సాకెట్ల నుంచి పీకేయండి. ప్రోబ్ ఎక్కడో తగిలి ఉండగా మీటర్ విప్పకూడదు. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. పొడిని నోటితో ఊదొద్దు, అది నేరుగా కళ్లలోకే వస్తుంది. ఒకవేళ కంట్లో పడితే కనీసం పావుగంట ధారగా నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

సెల్ ఇరుక్కుపోతే స్క్రూడ్రైవర్‌తో పొడవొద్దు. అంచుల చుట్టూ నాలుగు చుక్కలు వెనిగర్ గానీ సోడా నీళ్లు గానీ వేసి పది నిమిషాలు ఆగి, సెల్‌ను అటూ ఇటూ మెలితిప్పుతూ తీయండి. మీటర్‌ను సెల్ గది కిందికి ఉండేలా పట్టుకోండి, రసం బోర్డు వైపు పాకకుండా ఉంటుంది.

ఇప్పుడు స్క్రూలు విప్పండి. ప్రతి దశలో ఫోనుతో ఒక ఫోటో తీసుకోండి, ముఖ్యంగా ఎర్ర తీగ, నల్ల తీగ ఎక్కడ అతికి ఉన్నాయో. విప్పడం పళ్లెంలో పెట్టి చేయండి. డీటీ-830 రకం మీటర్లలో నాబ్ కింద చిన్న స్ప్రింగులు, ఉక్కు గోళీలు ఉంటాయి. బోర్డు ఎత్తగానే అవి ఎగిరిపోతాయి, గచ్చు మీద పడితే మళ్లీ దొరకవు. నాబ్ ఏ స్థానంలో ఉందో కూడా రాసుకోండి.

డిస్‌ప్లే కింద గులాబీ లేదా బూడిద రంగులో ఒక రబ్బరు పట్టీ కనిపిస్తుంది. బోర్డు నుంచి గాజుకు సంకేతం తీసుకెళ్లేది అదే. దాన్ని వేళ్లతో నలపకుండా పక్కన పెట్టండి. డిస్‌ప్లే గాజుకు వెనిగర్ గానీ స్పిరిట్ గానీ తగలనివ్వకండి, పైపొర పాడవుతుంది.

కడగడం

ముందు పొడిగా ఉన్న బ్రష్‌తో పైపై పొడి దులపండి. ఆ తర్వాత ఇయర్ బడ్‌ను వెనిగర్‌లో (కారింది జింక్ కార్బన్ సెల్ అయితే సోడా నీళ్లలో) ముంచి, పిండి, చిలుము ఉన్నచోటే అద్దండి. క్షారం ఉంటే బుసబుసమని నురుగు వస్తుంది. కార్బొనేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్ పోవడమే ఆ నురుగు. కొత్త బడ్ పెట్టినా నురుగు రాని దాకా చేయండి. బోర్డు మీద వెనిగర్ పొయ్యొద్దు, తడిపితే చాలు.

చాలామంది ఇక్కడ ఆపేస్తారు. కానీ వెనిగర్ కూడా ఆమ్లమే, దాన్ని అలాగే వదిలేస్తే మరో రకం చిలుము మొదలవుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో బ్రష్ ముంచి ఆ భాగాన్ని రెండు మూడు సార్లు కడగండి. కుళాయి నీళ్లు వద్దు. మన ఊళ్లలో బోరు నీళ్లకు ఉప్పు ఎక్కువ, ఆరాక బోర్డు మీద తెల్లగా మిగిలిపోతుంది. చివరగా ఐపీఏతో ఒకసారి తోమండి, అది సందుల్లోని నీటిని లాగేస్తుంది. దానికి నిప్పు చాలా త్వరగా అంటుకుంటుంది, కాబట్టి సోల్డరింగ్ ఐరన్ దగ్గర్లో వేడిగా ఉండకూడదు.

ఇంత కడుగుడు ఎందుకంటే, వోల్టేజీ చూసేటప్పుడు మీటర్ లోపలి నిరోధం చాలా ఎక్కువ. డీటీ-830 రకంలో అది 1 మెగాఓమ్, మంచి మీటర్లలో 10 మెగాఓమ్‌లు. బోర్డు మీద కంటికి కనబడని ఉప్పు పొర గాలిలోని తేమ పీల్చుకుంటే, దానికి కూడా కొన్ని మెగాఓమ్‌ల నిరోధం వస్తుంది. అంటే కరెంటుకు మీటర్ లోపల దొంగదారి దొరికినట్టే. ఎండాకాలం బాగా చూపించిన మీటర్ వానాకాలంలో తేడా చూపిస్తే కారణం చాలాసార్లు ఇదే.

నాబ్ కింద బోర్డు మీద గుండ్రంగా ఉన్న రాగి పట్టీలను ఐపీఏలో తడిపిన బడ్‌తో తుడవండి. ఎమరీ పేపర్ అక్కడ పెట్టొద్దు, బంగారు పూత లేచిపోతే ఆ స్విచ్ ఇక ఎప్పటికీ తడబడుతూనే ఉంటుంది. బోర్డు మీద చిన్న తిప్పుడు పెట్టె లాంటి ప్రీసెట్ ఉంటుంది, స్క్రూ తలకాయ ఉన్నది. అది ఫ్యాక్టరీలో రీడింగ్ సరిచేసిన చోటు. దాని జోలికి వెళ్లొద్దు.

ఫ్యాను కింద ఒక రోజంతా ఆరనివ్వండి. తొందరపడి సగం తడితో సెల్ వేస్తే ఇందాకటి పనంతా వృథా.

స్ప్రింగులు, తీగలు, ట్రాకులు

స్ప్రింగు మీద మచ్చలు మాత్రమే ఉంటే పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పోతాయి. నికెల్ పూత పోయి ఇనుము తుప్పు పట్టి ఉంటే ఎంత మెరిపించినా ఆరు నెలల్లో మళ్లీ అదే కథ. పాడైన రిమోట్ నుంచో బొమ్మ కారు నుంచో అదే సైజు స్ప్రింగు తీసి అతికించండి. స్ప్రింగుకు లెడ్ పట్టాలంటే ముందు అతికే చోటు గీకి ఫ్లక్స్ రాయాలి. అతికాక ఆ ఫ్లక్సును కూడా ఐపీఏతో తుడిచేయాలి.

తీగల విషయంలో అనుమానంగానే ఉండండి. సెల్ రసం, ముఖ్యంగా నెగెటివ్ వైపు, తీగ పైతొడుగు లోపల నుంచి పాకుతూ బోర్డు దాకా చేరుతుంది. బయటికి తీగ నిక్షేపంగా ఉంటుంది. చివర కొంచెం తొడుగు తీసి చూడండి. రాగి ఎర్రగా మెరిస్తే బాగున్నట్టు. నల్లగా ఉంటే దానికి లెడ్ పట్టదు, ఎంత ఫ్లక్స్ రాసినా పట్టదు. ఆ తీగను మొత్తం మార్చేయండి. ఇది రెండు రూపాయల తీగ, దీని మీద జాలి అనవసరం.

9 వోల్టుల బ్యాటరీ క్లిప్ మార్చాలంటే కొత్తది కొనొచ్చు, లేదా చచ్చిన 9 వోల్టుల బ్యాటరీ నెత్తి మీది రెండు బొడిపెల పలకను ఊడదీసి వాడుకోవచ్చు. అలా చేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పాత బ్యాటరీలో ప్లస్‌గా ఉన్న చిన్న బొడిపె, కొత్త బ్యాటరీ మీద పెట్టినప్పుడు పెద్ద బొడిపెలోకి, అంటే మైనస్‌లోకి దిగుతుంది. కాబట్టి చిన్నదానికి నల్ల తీగ, పెద్దదానికి ఎర్ర తీగ అతికించాలి. చాలా చవక మీటర్లలో బ్యాటరీ తిరగబడితే కాపాడే డయోడ్ ఉండదు.

ఇక బోర్డు. పచ్చ రంగు పొర కింద ట్రాక్, అంటే కరెంటు వెళ్లే రాగి గీత, నల్లబడి ఉంటే అది తెగిందో లేదో కంటికి తెలియదు. రెండో మీటర్‌ను బీప్ రేంజులో పెట్టి, సెల్ అతికే చోటు నుంచి ఆ ట్రాక్ చేరే తర్వాతి చోటు వరకు చూడండి. బీప్ రాకపోతే, వస్తూ పోతూ ఉంటే, ట్రాక్ రెండు చివరల్లో పచ్చ పొర గీకి, లెడ్ పూసి, సన్నటి జంపర్ వైరు వేయండి. బోర్డు ఈ వైపు నుంచి ఆ వైపుకు వెళ్లే చిన్న రంధ్రాలు కూడా చూడాలి, రసం అందులో నిలిచి లోపలి రాగిని తినేస్తుంది. మసకబారిన లెడ్ అతుకులన్నిటినీ రాగి అల్లికతో పీల్చి కొత్త లెడ్‌తో మళ్లీ అతకండి. పాతదాని మీదే కొత్తది వేస్తే చిలుము మధ్యలో చిక్కుకుంటుంది.

ఫ్యూజు కూడా ఈ వంకన చూడండి. పోయి ఉంటే అదే ఆంపియర్లు, అదే వోల్టేజీ రాసి ఉన్నదే వేయాలి. పింగాణీ ఫ్యూజు ఉన్నచోట గాజుది వద్దు, తీగ ముక్క చుట్టడం అసలే వద్దు.

ఎప్పుడు వదిలేయాలి

రసం సెల్ గది దాటి ప్రోబ్స్ గుచ్చే సాకెట్ల దాకా, వాటి పక్కన ఉన్న పెద్ద రెసిస్టర్ల దాకా వెళ్లి బోర్డును నల్లగా మాడ్చినట్టు చేసి ఉంటే, ఆ మీటర్‌ను 230 వోల్టుల పనికి వాడొద్దు. సెల్స్, చార్జర్లు, బొమ్మల్లాంటి చిన్న వోల్టేజీ పనులకు ఉంచుకుని, పైన పెద్ద అక్షరాలతో ఆ మాట రాయండి. చవక మీటర్లలో ఐసీ, అంటే మీటర్‌ను నడిపే చిప్, నల్లటి జిగురు బొట్టు కింద ఉంటుంది. దాని అడుగుకు రసం వెళ్లి అంకెలు సగం సగం వస్తుంటే అది బాగుకాదు. అలాంటి మీటర్ కొత్తది కొన్ని వందల రూపాయలకే వస్తుంది కాబట్టి రోజులు వెచ్చించకండి. మంచి కంపెనీ మీటర్ అయితే మాత్రం ఓపికగా కూర్చోవడం దండగ కాదు.

మూసేముందు, మూశాక

కొత్త సెల్ వేసేముందు రెండో మీటర్‌ను మైక్రోఆంప్ రేంజులో పెట్టి సెల్‌కూ మన మీటర్‌కూ మధ్య వరుసగా కలపండి. నాబ్ ఆఫ్‌లో ఉంటే సున్నా రావాలి. మంచి మీటర్లలో ఆఫ్‌లో ఉన్నా ఒకటి రెండు మైక్రోఆంపులు రావచ్చు. పదులు, వందలు వస్తే ఇంకా ఉప్పు మిగిలి ఉంది, మళ్లీ కడగాలి. తర్వాత రెండో మీటర్‌ను మిల్లీఆంప్ రేంజుకు మార్చి ఆన్ చేయండి. ఐసీఎల్7106 తరహా ఐసీ ఉన్న మీటర్ సుమారు 1 మిల్లీఆంప్ తీసుకుంటుంది. దానికి ఎన్నో రెట్లు తీసుకుంటుంటే ఎక్కడో షార్టు ఉంది.

మూసేటప్పుడు ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలను ముందు వెనక్కి తిప్పండి. పాత మరలో టక్కున కూర్చున్నట్టు తెలిశాక ముందుకు బిగించండి. ఇలా చేస్తే పెట్టె మర చెడదు.

ఇప్పుడు రుజువులు.

ప్రోబ్స్ రెండూ కలిపి డీసీ వోల్టేజీలో చూస్తే సున్నా రావాలి. ఓమ్స్ చిన్న రేంజులో కలిపితే ప్రోబ్ తీగల నిరోధం మాత్రమే, అంటే ఓమ్‌లో కొంత భాగం కనిపించాలి. ప్రోబ్స్ విడదీసి ఓమ్స్‌లో అన్నిటికంటే పెద్ద రేంజు పెట్టండి. ఎడమ వైపు ఒంటరి 1 గానీ ఓఎల్ అని గానీ రావాలి. ఏ ప్రోబూ ఏదీ తాకకుండానే కొన్ని మెగాఓమ్‌ల అంకె కదులుతుంటే బోర్డు మీద దొంగదారి ఇంకా ఉందని అర్థం. నా లెక్కలో అన్ని పరీక్షల్లోకీ ఇదే ముఖ్యమైనది, చాలామంది చేయనిది కూడా ఇదే.

తర్వాత మన మీటర్‌ను డీసీ వోల్టేజీలో ఆన్ చేసి ఉంచి, దాని సాకెట్ల మధ్య నిరోధాన్ని రెండో మీటర్‌తో కొలవండి. మోడల్‌ను బట్టి 1 లేదా 10 మెగాఓమ్‌ల దగ్గర రావాలి. బాగా తక్కువ వస్తే కడగడం మిగిలే ఉంది.

1 శాతం రకం రెసిస్టర్లు మూడు తెచ్చుకోండి. 1 కిలోఓమ్ది 990 నుంచి 1010 మధ్య చూపించాలి, మీటర్ సొంత తేడా కొంచెం కలుపుకోండి. 100 కిలోఓమ్, 1 మెగాఓమ్ కూడా చూడండి, పెద్ద విలువల్లోనే లోపం బయటపడుతుంది. కొత్త ఆల్కలైన్ పెన్సిల్ సెల్ 1.6 వోల్టుల దగ్గర, నిండుగా చార్జ్ అయి కాసేపు ఆగిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 లేదా 12.7 దగ్గర చూపిస్తాయి. ప్రతిదాన్నీ రెండో మీటర్‌తో పోల్చండి.

ఇవన్నీ సరిపోయాకే ఇంటి సాకెట్. నల్ల ప్రోబ్ కామ్ సాకెట్‌లో, ఎర్రది వోల్ట్స్ సాకెట్‌లో ఉందా అని చూడండి, 10 ఆంపియర్ల సాకెట్‌లో కాదు. డీటీ-830 రకాల్లో ఆ సాకెట్‌కు ఫ్యూజు కూడా ఉండదు. నాబ్ ఏసీ పెద్ద రేంజులో పెట్టి, ఒక చేత్తోనే ప్రోబ్స్ పట్టుకోవడం అలవాటు చేసుకోండి. 230 వోల్టుల చుట్టుపక్కల, రెండో మీటర్ చూపించినంతే రావాలి. ఆ తర్వాత కూడా ఏ తీగలో కరెంటు లేదని తేల్చుకోవాలన్నా ముందు కరెంటు ఉన్న సాకెట్‌లో, తర్వాత ఆ తీగ మీద, మళ్లీ కరెంటు ఉన్న సాకెట్‌లో చూడండి. ఈ మూడు చోట్లా చూశాకే తీగను ముట్టుకోండి. రిపేరు చేసిన మీటర్ అయినా, నిన్న కొన్నది అయినా ఇంతే.

ఇకముందు

నెల రోజులు వాడని మీటర్‌లోంచి సెల్ తీసేసి చిన్న కవర్లో పెట్టి మీటర్‌కే రబ్బరు బ్యాండుతో కట్టండి. పాత సెల్, కొత్త సెల్ కలిపి వేయొద్దు, బలహీనమైనది పూర్తిగా దిగిపోయి తిరగబడి చార్జవుతుంది, ముందు కారేది అదే. డిస్‌ప్లేలో బ్యాటరీ గుర్తు వస్తే ఆ రోజే మార్చండి. సెల్ దిగిన చవక మీటర్ ఉన్నదానికంటే ఎక్కువ వోల్టేజీ చూపిస్తుంది. రోజూ వాడే మీటర్‌కైనా ఏడాదికోసారి సెల్ మార్చి, వేసిన తేదీని మూత లోపల టేపు మీద రాయండి. మంచి మీటర్‌కు లిథియం పెన్సిల్ సెల్ వేసుకోవచ్చు, ఖరీదు ఎక్కువైనా కారడం చాలా అరుదు.

తీసేసిన సెల్స్‌ను, రసం తుడిచిన బడ్స్‌ను ఒక కవర్లో మూట కట్టండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం పాత సెల్స్‌ను ఇంటి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాల్సిన బాధ్యత వాడినవాళ్లది. మీ దగ్గర్లో ఈ-వేస్ట్ తీసుకునే చోటుకు వెళ్లే దాకా 9 వోల్టుల బ్యాటరీల బొడిపెల మీద టేపు అంటించి ఉంచండి, రెండు బొడిపెలు ఏ ఇనుప ముక్కకో తగిలితే వేడెక్కుతాయి.